జూలై వరకు జుట్టు

మిషన్ హాస్టలు, లెరిబే
14 మార్చి 1998

చెల్లీ లిఖాబిసో,

ప్రభువు కాపుదల నీ మీద ఉండాలి.

ఇవాళ పొద్దున్న ఎలా గడిచిందో ముందు వ్రాస్తాను. అది అన్ని పొద్దుల్లాంటిదే.

గంట కొట్టకముందే లేచాను. జపమాల ముగించి పిల్లల జావకు నీళ్ళు పెట్టాను. జొన్నపిండి బాగా పులిసింది, వేసవి పోయి చల్లబడ్డది కదా, ఈసారి ఆలస్యమవుతుందనుకున్నాను. పొగమంచు కొండల మీది నుంచి ఇంకా దిగలేదు. శనివారం కాబట్టి జుట్టు కత్తిరింపు. హాస్టలు పిల్లలు కుళాయి దగ్గర నుంచి వంటింటి గోడ దాకా బారు తీరారు. నేను పీట మీద కూర్చున్నాను. ఒక్కొక్కతే వచ్చి నా మోకాళ్ళ మధ్య తల వంచింది. కొత్తగా చేరిన పిల్ల ఒకతి వెక్కుతూ కూర్చుంది. "కదిలితే చెవి తెగుతుంది" అన్నాను. వెక్కడం మానేసింది. ఊడ్చిన జుట్టంతా పాత పిండిసంచిలో ఎత్తి పొయ్యిలో వేశాను. చేతులు కడుక్కుంటుండగా మన లెబోనా వచ్చాడు. గనిలో సెలవు దొరికిందట.

తమ్ముడు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. వాడి తల చూశాను. అమ్మను మట్టిలో పెట్టిన మర్నాడు పశువుల దొడ్డిలో ఖెథీసా మామయ్య మన ముగ్గురికీ వరసగా గొరిగాడు కదా, ఆ జుట్టు వాడికి ఇప్పుడిప్పుడే నల్లగా తేలుతోంది. నాకూ అంతే.

"అక్కా, జొహానెస్‌బర్గ్‌లో లిఖాబిసోని చూశాను" అన్నాడు.

"బాగుందా?"

"బ్రహ్మాండంగా ఉంది. జుట్టు భుజాల మీద పడుతోంది."

"ఎవరి జుట్టు?"

"నన్నడుగుతావేం? దాని ఆఫీసు గాజుతలుపు బయటి నుంచి చూశా. లోపల ఫోను చెవిలో పెట్టుకుని నవ్వుతోంది. మనింటి పిల్ల కాదేమోనని వెనక్కి వచ్చేశా."

నేను జావ పోసి పెట్టాను. వాడు తాగాడు.

జూలై ఇరవై అయిదున ఆరు నెలల దుఃఖం ముగుస్తుంది, మన చేతుల నల్లగుడ్డ దించుతారు. అంతవరకు మన తల అమ్మది. నువ్వు తల మీద ఏం పెట్టుకున్నావో, ఎందుకు పెట్టుకున్నావో నాకు చెప్పనక్కర్లేదు. తీసేశానని ఒక్క ముక్క వ్రాయి.

నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

అక్క
మాథాపెలో

---

హిల్‌బ్రో, జొహానెస్‌బర్గ్
29 మార్చి 1998

అక్కకు,

ఉత్తరం అందింది. పిల్లల జావ దగ్గర మొదలుపెట్టి నా నెత్తి మీద తేల్చావు.

లెబోనా గాజుతలుపు బయట నిలబడ్డాడా? తోసుకుని లోపలికి రావడానికి చేతులు లేవా? వచ్చి "ఏమిటే ఈ వేషం" అని అడిగితే అక్కడే చెప్పేదాన్ని. చూసిన సగాన్ని మూట కట్టుకుని లెరిబే దాకా మోసుకొచ్చాడు. గని మానేసి తపాలా పనిలో చేరమను, పైకొస్తాడు.

అది విగ్గు. నేను కొన్నది కాదు, కోరింది కాదు. చెప్పనక్కర్లేదన్నావు కాబట్టి చెప్పి తీరతాను.

అమ్మ పని అయ్యాక గుండుతో, చేతికి నల్లగుడ్డతో ఆఫీసుకి వెళ్ళాను. నేను ఫోనెత్తే ముందుగదికి పెత్తనం మాబూజా మేడమ్‌ది. తెల్లావిడ అనుకునేవు, మన రంగే, స్వాజీ తెగ మనిషి. నన్ను చూడగానే మోచెయ్యి పట్టుకుని పక్కగదిలోకి లాక్కెళ్ళింది.

"ఏం జబ్బు నీకు?"

"మా అమ్మ పోయింది మేడమ్. సెలవిచ్చింది మీరే కదా."

"నాకు తెలుసు. తలుపు తోసుకొచ్చే వాడికి తెలుసా? ఇది బీమా కంపెనీ అమ్మాయ్. వాళ్ళు వచ్చేదే చావు గురించి ఆలోచించడానికి. ఎదురుగా నువ్విలా కూర్చుంటే సంతకం పెడతారా, పరిగెత్తుతారా?"

సొరుగు లాగి విగ్గు తీసింది. వెనకటి అమ్మాయిదట. ఉతికించానంది. ఎవరిదో సెంటు వాసన ఇంకా పోలేదు.

"నా జుట్టు పెరిగాక తీసెయ్యనా?" అన్నాను.

"పెరిగాక మందు పెట్టించి, ఉంగరాలు పోయేలా సాపు చేయించుకో. అడవిలా వదిలేస్తే ఊరుకోను, సాళ్ళు సాళ్ళుగా అల్లుకొచ్చినా ఊరుకోను. ఈ బల్ల దగ్గరికి రావడానికి నేను పడ్డ పాట్లు నీకేం తెలుసు? నేను పెట్టుకోవడం లేదూ?" అని తన విగ్గు తట్టి చూపించింది.

పెట్టుకున్నాను. సాయంత్రం గుమ్మం దాటగానే తీసి సంచిలో పడేస్తాను. టాక్సీ వ్యానులో నా పక్కన కూర్చున్న వాళ్ళు ఒకటికి రెండుసార్లు చూస్తారు. ఇది నీ తమ్ముడు చూడలేదు.

నాకు తోడుగా తకలానీ ఉంది. వెండా తెగ పిల్ల, ఆఫీసులో టైపు చేస్తుంది. తన జుట్టే తలకి అంటేలా అల్లుకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. తనకీ రోజూ అక్షింతలే. మేమిద్దరం ఒకటి అనుకున్నాం, అది తర్వాత రాస్తాను.

నా తల అమ్మదని నీకంత పట్టింపు ఉంటే ఆ మాట నాకు కాదు, వాళ్ళకి చెప్పు. ఫాదర్‌గారి గదిలో ఫోనుంది కదా. నంబరు ఈ కాగితం వెనక రాశాను. నీ జపమాల మాబూజా మేడమ్ మీద ఏ మాత్రం పనిచేస్తుందో చూద్దాం.

లిఖాబిసో

---

మిషన్ హాస్టలు, లెరిబే
18 ఏప్రిల్ 1998

చెల్లీ,

ఉత్థాన పండుగ దీవెనలు. ఈసారి పూజకు జనం బాగా వచ్చారు. ఖెథీసా మామయ్య దగ్గు తగ్గింది. ఎర్ర ఆవు ఈనింది, పెయ్యదూడ.

నువ్వు చెప్పమన్నావు కాబట్టి చెప్పాను. గురువారం ఫాదర్‌గారిని అడిగి ఆయన గదిలోంచి ఫోను చేశాను. ఆయన బయటికి వెళ్ళి తలుపు వేశారు. ముందు ఎవరో మగమనిషి ఎత్తాడు, తర్వాత మాబూజా అమ్మగారు వచ్చింది. గొంతు మెత్తగా ఉంది. నన్ను అమ్మా అని పిలిచింది.

"మీ చెల్లెలు మంచి పిల్లే అమ్మా. కాస్త మొండి."

"మొండిది కాదు. తల్లి పోయిన పిల్ల. మా ఇంట్లో గొరిగిన తల మీద మరొకరి జుట్టు పెట్టం."

"అయ్యో, నాకీ సంగతి ఇంత వివరంగా ఎవరు చెప్పారు? మా ఇళ్ళలోనూ పట్టింపులున్నాయి. ఇది ఎన్నాళ్ళు?"

"జూలై ఇరవై అయిదు వరకు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత దుఃఖం దిగిపోతుంది. మిగతా పిల్లలు ఎలా ఉంటే తనూ అలాగే ఉంటుంది."

"అది మీ మాటేనా అమ్మా?"

"నా మాటే."

"అయితే జూలై వరకు జుట్టు ఎలా ఉన్నా నేనేమీ అనను. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను."

ఇంతే జరిగింది. గొంతు లేపలేదు, గొడవ పడలేదు. నువ్వు ఇన్నాళ్ళూ సంచిలో పెట్టుకుని తిరిగింది ఒక్క మాటతో పోయింది. కోపం ఎందుకు పనికొస్తుందో ఆలోచించు.

విగ్గు తిరిగిచ్చేశానని వ్రాయి.

అక్క

---

హిల్‌బ్రో
10 మే 1998

అక్కా,

ఇచ్చేశాను. నీ కోరిక తీరింది. ఇంకేం తీరిందో కూడా విను.

మేమిద్దరం ఒకటి అనుకున్నామని రాశాను. అదేమిటని నువ్వు అడగలేదు. మొన్న మొన్నటి దాకా ఈ దేశంలో మనల్ని ముందుతలుపులోంచే రానిచ్చేవారు కాదు, ఇప్పుడు ముందుగదిలో కూర్చోబెట్టారు, కానీ తల మాత్రం బయట వదిలి రమ్మంటున్నారు. ఆ మాటే తకలానీ, నేనూ కలిసి వెళ్ళి పెద్ద మేనేజరు ఫౌరీతో అన్నాం. మా జుట్టు మొలిచినట్టు మొలిచింది, కడుగుతాం, దువ్వుతాం, అల్లుకుంటాం, ఇందులో మీకు కనబడే మురికి ఏమిటి అని అడిగాం. ఆయన ఇబ్బందిగా నవ్వి, ఆలోచించి చెబుతానన్నాడు. నవ్వితే నవ్వాడు, ఆలోచిస్తానన్నాడు కదా అని మేం బయటికొచ్చి చేతులు పట్టుకున్నాం.

ఆ వారంలోనే నువ్వు ఫోను చేశావు.

సోమవారం ఫౌరీ మా ఇద్దర్నీ పిలిచాడు. మాబూజా మేడమ్ పక్కన కూర్చుంది. "మిస్ లిఖాబిసో విషయం తేలిపోయింది, అది ఆచారం, మేం గౌరవిస్తాం. జూలై ఇరవై అయిదు తర్వాత ఆమె అందరిలాగే జుట్టు సాపు చేయించుకుంటుందని వాళ్ళ ఇంటి పెద్దే మాటిచ్చింది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మాబూజా మేడమ్ తకలానీ వైపు తిరిగింది.

"మరి నీ సంగతేమిటి? నీ ఇంట్లో ఎవరు పోయారు?"

తకలానీ ఏం చెబుతుంది? వాళ్ళమ్మ బతికే ఉంది. వాళ్ళ నాన్న బతికే ఉన్నాడు. ఎవరూ చావనందుకు అది తప్పు చేసినట్టు నిలబడింది. జడలు విప్పనంది. మర్నాటి నుంచి దాన్ని కింద, పాత ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టారు. కిటికీ లేదు. నెలాఖరుకి విప్పకపోతే ఆ గది కూడా ఉండదని చెప్పారు.

నేను పైన కూర్చున్నాను, అమ్మ చావుని తల మీద కప్పుకుని. రోజూ ఆ మెట్లు దిగి దాని దగ్గరికి వెళ్ళే మొహం లేదు నాకు, అయినా వెళ్తున్నాను.

నా జుట్టు కాస్త పెరిగింది. దువ్వుకుని వస్తున్నాను. మొన్న ఒక తెల్ల ముసలమ్మ బల్ల మీదుగా చెయ్యి చాపి "ఎంత మెత్తగా ఉంది, గొర్రెపిల్లలాగా" అని నిమిరింది. అది పోనీ. మన దేశం నుంచే, మసేరు పెద్దమనిషి ఒకాయన వచ్చాడు, మన భాషలోనే అన్నాడు, "ఇంత పెద్ద కంపెనీలో దువ్వెన లేదా అమ్మాయ్?" అని. క్యూలో మనవాళ్ళే నవ్వారు. నా వెనక మాబూజా మేడమ్ కూడా నవ్వింది. ఒకరోజు చేతులు కడుక్కునే చోట ఆవిడ విగ్గు తీసి ఉండగా చూశాను. చెవుల పైన రెండు వైపులా వెంట్రుక లేదు, ఏళ్ళ తరబడి మందు కాల్చేసింది. జాలి పడాలి కాబోలు. నాకు రాలేదు.

నీ మీద కూడా రావడం లేదు. "మిగతా పిల్లలు ఎలా ఉంటే" అన్నావు. ఎవరా మిగతా పిల్లలు? నీకు ఇక్కడ ఎవరు తెలుసు? నీకు తెలిసిన పిల్లలల్లా నీ కత్తెర కిందకొచ్చే వాళ్ళే. పేలు పడతాయని కత్తిరిస్తాం అంటావు. నేనూ ఆ పీట ముందు కూర్చున్నదాన్నే. మరి కొట్టు యజమాని కూతుళ్ళు, పుట్టుకతోనే సాపు జుట్టున్న ఆ పిల్లలిద్దరూ, నాతోపాటే అదే హాస్టల్లో రెండేసి జడలు వేసుకుని తిరిగారు కదా. వాళ్ళ తలకి పేలు దారి మరిచిపోయాయా? నువ్వూ మాబూజా మేడమూ ఒకచోట కూర్చుంటే బాగా పొసుగుతుంది.

లిఖాబిసో

---

మిషన్ హాస్టలు
24 మే 1998

లిఖాబిసో,

ఫోను చెయ్యమన్నది నువ్వు. నంబరు ఇచ్చింది నువ్వు. ఎకసెక్కానికి ఇచ్చానని అప్పుడు వ్రాయలేదు.

ఎన్నాళ్ళని అడిగింది. నిజం చెప్పాను. అబద్ధం చెప్పమంటావా?

తకలానీ అనే పిల్లను నేను ఎరగను. ఆమె తల్లిదండ్రులు బతికి ఉన్నందుకు దేవునికి స్తోత్రం. ఆమె జడల కోసం నీ పని పోగొట్టుకోవడం ఏ ప్రార్థనలో ఉందో నాకు తెలియదు. జుట్టు మీద ఇంత ధ్యాస మంచిది కాదు. సాపు చేసుకున్నా అదే, అల్లుకున్నా అదే.

కొట్టు యజమాని కూతుళ్ళ సంగతి అడిగావు. వాళ్ళను జడలు వేసుకోనిచ్చిన మాట నిజం. లేని సాకు వ్రాయను.

మాబూజాతో నన్ను కలిపి వ్రాసిన వాక్యం రెండోసారి చదవలేదు.

ఒక దారి ఉంది. దుఃఖం ఆరు నెలలే ఉండాలని రాతిమీద వ్రాసి లేదు, వితంతువులు ఏడాది పాటిస్తారు. నీకు నల్లగుడ్డ క్రిస్మసు దాకా ఉంచమని మామయ్యను అడుగుతాను. నీ కుర్చీ నీకుంటుంది, నీ జుట్టు నీకుంటుంది. ఈలోగా వాళ్ళ మనసు మారవచ్చు.

అక్క

---

హిల్‌బ్రో
21 జూన్ 1998

అక్కా,

అడగొద్దు. దయచేసి అడగొద్దు.

నువ్వనుకున్న దారి మాబూజా మేడమ్ నీకంటే ముందే అనుకుంది. మొన్న నా బల్ల దగ్గరికొచ్చి గుసగుసగా, "మీ వాళ్ళని ఇంకొంచెం పొడిగించమనకూడదూ? మీ అక్క చెబితే చాలు, నేను సర్దుతాను" అంది. ఆవిడ తన లెక్కలో నాకు మేలే చేస్తోంది. అమ్మ చావుని నెలనెలా మార్చుకునే పాసులా వాడుకోమని చెప్పడం ఆవిడకి మేలు. నీకూ అదే మేలు.

తకలానీని తీసేశారు. తగవులు తీర్చే సర్కారు ఆఫీసులో ఇద్దరం అర్జీ పెట్టాం. జూలై ఇరవై ఏడు, సోమవారం, విచారణ. కంపెనీ వాళ్ళ వాదన ఒక్కటే: లిఖాబిసోది ఆచారం, ఆచారం అయిపోగానే నియమానికి ఒప్పుకుంటానని ఇంటి పెద్దచేత చెప్పించింది, అంటే నియమం సరైనదేనని వాళ్ళ మనిషే ఒప్పుకున్నట్టు. తకలానీది ఒట్టి పొగరు. ఇంతే. ఆ ఫోను మాట తప్ప వాళ్ళ దగ్గర గట్టిది ఇంకేమీ లేదు.

కాబట్టి రెండు అడుగుతున్నాను. నువ్వు ఇంటికి పెద్దదానివి, మామయ్యతో చెప్పాల్సింది నువ్వే.

మొదటిది, ఇరవై అయిదో తారీకున నా నల్లగుడ్డ దించెయ్యండి, అందరితో పాటే. ఒక్కరోజు కూడా పొడిగించవద్దు. దుఃఖం లేని మనిషిగా ఆ గదిలోకి వెళ్ళాలి నేను. "నీ ఇంట్లో ఎవరు పోయారు" అని నన్ను కూడా అడగగలగాలి వాళ్ళు.

రెండోది, మామయ్య నాకు గొరగకూడదు. నల్లగుడ్డ దించేటప్పుడు మళ్ళీ తల గొరుగుతారని నాకు తెలుసు. ఆయన చేతికి అది హక్కు. కానీ శనివారం గుండు చేయించుకుని సోమవారం ఏ జుట్టు గురించి మాట్లాడను? ఎదురుగా లేని జుట్టుని ఎవరు నిలబెడతారు? అప్పటికి అల్లుకోవడానికి సరిపడా పెరుగుతుంది. ఆదివారం తకలానీ నాకు అల్లుతుంది. ఇద్దరం ఒకేలా వెళ్తాం.

ఓడిపోతే ఇంటికొస్తాను. గెలిస్తే ఆ బల్ల దగ్గరే, ఈ తలతోనే కూర్చుంటాను. సాపు చేయించుకుని మాత్రం కూర్చోను. ఇది తేలిపోయింది.

రెండూ ఆచారానికి అడ్డమేనని తెలుసు. నువ్వు ఒప్పుకోవని కూడా తెలుసు. అయినా నిన్నే అడుగుతున్నాను, అదే నాకు మంట.

లిఖాబిసో

---

మిషన్ హాస్టలు, లెరిబే
12 జూలై 1998

చెల్లీ లిఖాబిసో,

ప్రభువు కృప నీకు తోడుండాలి. లెబోనా రేపు గనికి తిరిగి వెళ్తూ దీన్ని నీకు అందిస్తాడు. గాజుతలుపు దాటి లోపలికి రమ్మని చెప్పాను.

ఇవాళ పూజ అయ్యాక మామయ్య ఇంట్లో కూర్చున్నాం. ఈ జూలై చలికి బయట మంచు పడి గట్టిపడింది. మామయ్య కంబళి కప్పుకుని పొయ్యి దగ్గర, లెబోనా గడప దగ్గర, నేను పెట్టె మీద. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. నన్ను తిట్టిన చోట కూడా ఆపలేదు.

ముందు లెబోనా మాట్లాడాడు. "కంపెనీకి తల వంచదట, మనకీ తల వంచదట. ఇంక దాని తల ఎవరిది?" అన్నాడు.

"నీది కాదు, నువ్వు ఊరుకో" అన్నాడు మామయ్య.

నేను నా మాట చెప్పాను. నువ్వు అడగొద్దన్నావు, అయినా అడిగాను. నల్లగుడ్డ క్రిస్మసు వరకు ఉంచితే పిల్ల పని పోదు అన్నాను. ఎవరూ నష్టపోరు అని కూడా అన్నాను.

మామయ్య నా వైపు తిరిగాడు. ఆయనకు నా మీద కోపం రావడం నేను ఎన్నడూ చూడలేదు.

"మాథాపెలో, పోయింది నా చెల్లెలు. ఆమె కోసం గుడ్డ కట్టాం, ఆమె కోసం దించుతాం. వాళ్ళ వానకి గొడుగు కావాలని ఇంకో అర్ధసంవత్సరం నా చెల్లెల్ని చచ్చినదానిగా పట్టుకు నిలబడతావా? ప్రార్థనలు చేసే మనిషివి, నీకెలా తోచింది ఇది?"

నేను నీ ఉత్తరం మడత పెట్టాను.

"పైగా ఎవరిని అడిగి మాటిచ్చావు? పిల్ల తల గురించి మాటివ్వాలంటే తల్లి ఉండాలి, లేదా నేను ఉండాలి. ఫోను ఉంది కదా అని నువ్వెవరివి?"

లెబోనా నేలచూపులు చూస్తున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తెలిసింది. మామయ్య వాడినీ వదల్లేదు. "నువ్వు తలుపు బయటి నుంచి చూసి మొదలుపెట్టావు ఇదంతా" అన్నాడు.

తర్వాత కత్తి సంగతి వచ్చింది. అది కష్టమైంది. గొరగకుండా దుఃఖం దించడం ఆయన ఎరగడు. ఆయన తండ్రి ఎరగడు. "నా చేతికి తల ఇవ్వనన్న పిల్లని దొడ్డిలో ఎలా కూర్చోబెట్టను" అని లేచి బయటికి వెళ్ళాడు. ఆవుకు గడ్డి వేసి వచ్చాడు. చేతులు పొయ్యి మీద కాచుకుంటూ, "సోమవారం ఆ గదిలోకి గుండుతో వెళ్తే ఏమవుతుంది?" అని నన్నడిగాడు.

"ఇంక మాట్లాడుకోవడానికి ఏముంది, ఆ పిల్ల జుట్టు పోయింది కదా అంటారు. మళ్ళీ పెరిగితే సాపు చేసుకోమంటారు" అన్నాను.

"అంటే వాళ్ళు కావాలన్నది నా కత్తి చేసిపెడుతుంది."

"అవును."

"కంపెనీకి క్షవరం చేసిపెట్టే పని నాది కాదు" అన్నాడు.

అక్కడి నుంచి మాట తెమిలింది. సాయంత్రానికి ఇలా నిర్ణయమైంది.

ఇరవై అయిదున నీ నల్లగుడ్డ దించుతారు, మాతో పాటే. కలబంద నీళ్ళతో నీ తల కడుగుతారు. కత్తి ముట్టదు. అయితే గొరిగించుకునే వాళ్ళ వరసలో నీకు చోటు లేదు. దొడ్డి బయట, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కూర్చోవాలి. వాళ్ళు ఏదో ఒకటి అంటారు. విని ఊరుకో. అమ్మ బట్టలు పంచేటప్పుడు నిన్ను చివర పిలుస్తారు. దీని మీద నేను వాదించాను. మామయ్య ఒప్పుకోలేదు. కత్తి తప్పించుకున్నదానికి ఏదో ఒకటి ఉండాలన్నాడు. లెబోనా కూడా అదే అన్నాడు.

ఆదివారం నీతో పాటు నేను జొహానెస్‌బర్గ్ వస్తున్నాను. ఇది మామయ్య ఆజ్ఞ. మాటిచ్చిన నోరే వెళ్ళి చెప్పాలట. వాళ్ళు అడిగితే ఫోనులో ఏమన్నానో అక్షరం మార్చకుండా చెబుతాను. అది నా మాట, నువ్వు ఇచ్చింది కాదని, నిన్ను అడిగి ఇచ్చింది కాదని చెబుతాను. ఆ తల గురించి మాటిచ్చే హక్కు నాకు లేదని మా పెద్దాయన తేల్చాడని కూడా చెబుతాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పవద్దని నాకు ఆంక్ష.

నాకు ఆ సాళ్ళ జడలు ఇప్పటికీ నచ్చవు. అది అక్కడ ఎవరైనా అడిగితే దాచను. మామయ్యతో ఈ సంగతీ చెప్పాను. "నచ్చకపోతే చూడకు, ఎదురుగా గోడ ఉంటుంది" అన్నాడు.

ఆ రాత్రి తకలానీ నీ గదిలోనే పడుకుంటుందేమో కనుక్కో. నేను కింద పడుకోగలను. ఆమె తల్లికి ఇక్కడి నుంచి జొన్నపిండి తెస్తాను.

నల్లగుడ్డ దిగాక, ఆదివారం, నీ తల నీ ఇష్టం. అల్లుకున్నా, అలాగే ఉంచుకున్నా ఎవరూ అడగరు. సోమవారం ఆ గదిలో నువ్వు తల్లి పోయిన పిల్లగా కూర్చోవద్దు. ఈ ఇంటి ఆడపడుచుగా కూర్చోవాలని ఇవాళ సాయంత్రం తేలింది.

అక్క
మాథాపెలో